ముసాఫిర్ ఎప్పటిదాకా ముసాఫిర్?

మొన్న ఆదివారం మన నెలవారీ కలయికలో చేసిన ప్రసంగం ఇది. షిఫ్ట్ ఉండి రాలేకపోయిన వాళ్ళ కోసం రాసి పంపుతున్నాం. కొంచెం పొడవుగానే ఉంది. బస్సులోనో, బ్రేక్‌లోనో తీరిగ్గా చదవండి.



ముందే ఒక మాట చెప్పేస్తా. నేను ఆలిమ్‌ని కాను, ముఫ్తీని అంతకన్నా కాను. మీలాగే రోటా చూసుకుని బతికే మనిషిని. చిన్నప్పుడు ఊళ్ళో మదరసాలో నేర్చుకున్నవీ, ఇక్కడికొచ్చాక మా వీధి మసీదు ఇమామ్ సాబ్‌ని అడిగి తెలుసుకున్నవీ మీకు చెప్తున్నాను. మన వైపు వాళ్ళలో ఎక్కువమంది హనఫీలం కాబట్టి ఆ లెక్కే చెప్తా. హైదరాబాద్ బార్కస్ నుంచి వచ్చిన అరబ్బు కుటుంబాల వాళ్ళు షాఫీలు, వాళ్ళకు కొన్ని లెక్కలు వేరు. సందేహం వస్తే మీ ఇమామ్ సాబ్‌ని అడగండి. నా పేరు చెప్పి వాదన పెట్టుకోవద్దు.

ఈ విషయమే ఎందుకు ఎత్తుకున్నానంటే, పోయిన నెల ఒకే వారంలో ఇద్దరు తమ్ముళ్ళతో మాట్లాడాను.

మొదటి తమ్ముడు వచ్చి రెండేళ్ళు దాటింది. వేర్‌హౌస్‌లో పని, అద్దె గది, బ్యాంకు అకౌంటు అన్నీ ఉన్నాయి. "అన్నా, పరాయి దేశంలో ఉన్నాం కదా, మనం ముసాఫిర్లమే కదా. నాలుగు రకాతులకు రెండే చదువుతున్నా. రోజాలు కూడా ఊరెళ్ళాక పెట్టుకుందామని ఆపేశా" అన్నాడు.

రెండో తమ్ముడు కేర్ పనికి వచ్చినవాడు. వాళ్ళ కంపెనీకి స్పాన్సర్ లైసెన్స్ పోయింది, పని పోయింది. చేతిలో డబ్బు లేదు, గది అద్దె బాకీ. రోజుకు ఒక్క పూట తింటున్నాడని పక్క గదివాళ్ళు చెప్తే పోయి చూశా. మసీదులో జకాత్ సొమ్ము ఉంటుంది, అడుగుదాం పద అన్నా. "నేనేమన్నా ఫకీరునా అన్నా? మా నాయనకు ఊళ్ళో మూడెకరాలుంది" అని మొహం తిప్పుకున్నాడు.

ఇద్దరూ ఒకే మాట దగ్గర పొరబడ్డారు. ఒకడు ముసాఫిర్ కాకపోయినా ముసాఫిర్‌నే అనుకున్నాడు. ఇంకొకడు దారిలో చిక్కుకున్న ముసాఫిర్ అయ్యుండి కూడా ఒప్పుకోలేదు. మన దీన్‌లో ముసాఫిర్‌కి కొన్ని సడలింపులున్నాయి, కొన్ని హక్కులున్నాయి. అవి ఎవరికి, ఎప్పుడు, ఎప్పటిదాకా అన్నది తెలిస్తే ఇద్దరి బాధా తీరుతుంది. అదే ఇవాళ్టి మాట.

*బయల్దేరేటప్పుడు*

నేను బయల్దేరిన రోజు మా జేజి నా కుడి భుజానికి ఇమామ్ జామిన్ కట్టింది. పచ్చగుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి కుట్టి, కళ్ళు తుడుచుకుంటూ ముడి వేసింది. హైదరాబాద్, కర్నూలు, కడప వైపు ఇళ్ళల్లో ఇది తెలియనివాళ్ళు ఉండరు. ప్రయాణికుడికి పూచీ ఉండేవారని ఎనిమిదో ఇమాం అలీ రజా పేరు మీద కడతారు. ఇలా కట్టడం సరికాదనే ఉలమా కూడా ఉన్నారు, ఆ చర్చలోకి నేను పోను. అయితే ఆ ఆచారంలో చాలామంది మర్చిపోయే రెండో సగం ఒకటుంది. క్షేమంగా చేరాక ఆ బిళ్ళ విప్పి, చేరిన చోట బీదవాళ్ళకు ఇచ్చేయాలి. దాని దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తా.

ఇక్కడున్న హిందూ అన్నల్లో కొందరు నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి పోయి, స్వర్ణాల చెరువులో నిలబడి విదేశీ రొట్టె పట్టుకున్నవాళ్ళే. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ ఏడు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరికి ఇవ్వాలి కదా. అదీ ఇలాంటిదే. చేరినవాడు వెనక వచ్చేవాడికి అందివ్వాలి.

ఇవి మన ప్రాంతపు ఆచారాలు. దీన్‌లో నేరుగా చెప్పినవి వేరే ఉన్నాయి. బయల్దేరే ముందు అప్పులు తీర్చాలి. తీర్చలేకపోతే ఎవరికెంత అన్నది రాసి ఇంట్లో చెప్పాలి. ఎవరి వస్తువైనా మన దగ్గర ఉంటే తిరిగిచ్చేయాలి. మనసు నొప్పించిన వాళ్ళను మాఫీ అడగాలి. ప్రవక్త మక్కా వదిలి మదీనాకి వెళ్ళిన రాత్రి ప్రాణాల మీదికి వచ్చి ఉంది. అయినా జనం తన దగ్గర దాచుకున్న సొమ్ము ఎవరిది వాళ్ళకు అప్పజెప్పి రమ్మని హజ్రత్ అలీని వెనక ఉంచి వెళ్ళారు. ప్రయాణానికి ముందు లెక్క తేల్చుకోవడం అంటే అంత ముఖ్యం.

మనలో ఎంతమంది ఈ పని చేసి వచ్చాం? ఏజెంటుకు కట్టిన డబ్బు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి తెచ్చామో భార్యకు కూడా చెప్పని వాళ్ళున్నారు. వచ్చేశాం కదా ఇప్పుడేం చేస్తాం అనుకోవద్దు. ఇవాళ రాత్రే ఒక కాగితం మీద రాయండి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరు మనకెంత ఇవ్వాలి, పాస్‌పోర్ట్ కాపీ ఎక్కడుంది, ఇక్కడ ఎవరికి ఫోన్ చేయాలి. ఫోటో తీసి ఇంటికి పంపండి. మన మధ్య ఎవరికైనా జరగరానిది జరిగితే, ఊళ్ళో ఆడవాళ్ళు అప్పులవాళ్ళ మాటలకు బలికాకుండా ఆ కాగితమే కాపాడుతుంది. ఇది ఏ మతం వాళ్ళకైనా పనికొచ్చే మాటే.

వాహనం ఎక్కాక చదివే దువా ఒకటుంది. ఖుర్ఆన్ 43వ సూరాలో 13, 14 ఆయతుల్లో ఉంది. ఈ వాహనాన్ని మనకు లొంగదీసినవాడు అల్లా, మన బలంతో కాలేదు, చివరికి ఆయన దగ్గరికే తిరిగి పోతాం అని దాని భావం. ఒంటె మీద చదివినదే ఇవాళ నేషనల్ ఎక్స్‌ప్రెస్ కోచ్‌లోనూ చదువుతాం.

ఇంకో సున్నత్ ఉంది. ముగ్గురు కలిసి ప్రయాణం చేస్తే ఒకర్ని పెద్దగా పెట్టుకోమన్నారు. వ్యాన్‌లో ఆరుగురు కలిసి వేరే ఊరికి పనికి పోతున్నారనుకోండి. ఒకర్ని పెద్దగా పెట్టుకుంటే పని గంటలు రాయడం, నమాజు టైమ్ చూడటం, ఏజెన్సీ వాళ్ళతో మాట్లాడటం ఒక చేతి మీద నడుస్తాయి. లేకపోతే ఆరుగురూ మాట్లాడతారు, ఎవరి మాటా వినపడదు.

*ముసాఫిర్ అంటే ఎవరు*

హనఫీ లెక్కలో రెండు కొలతలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి దూరం, ఒకటి రోజులు.

దూరం దాదాపు 48 మైళ్ళు, అంటే 77 కిలోమీటర్ల చిల్లర. కొందరు ఉలమా ఇంకొంచెం ఎక్కువ చెప్తారు. ఈ దేశంలో రోడ్డు బోర్డులన్నీ మైళ్ళలోనే ఉంటాయి కాబట్టి మనకు సులువు. అంత దూరం పోవాలనే నియ్యత్‌తో మీ ఊరి పొలిమేర దాటారంటే ముసాఫిర్ అయినట్టు. గది తలుపు దాటితే చాలదు, ఊరు దాటాలి.

రోజులు పదిహేను. పోయిన చోట పదిహేను రోజులు, అంతకన్నా ఎక్కువ ఉండాలని అనుకుంటే అక్కడ మీరు ముకీమ్, అంటే స్థిరంగా ఉన్నవాడి కింద లెక్క. నమాజు పూర్తిగా చదవాలి. అంతకన్నా తక్కువైతే ముసాఫిర్. షాఫీలకు ఈ గడువు నాలుగు రోజులే.

మన పనులతోనే చెప్తా చూడండి.

స్లౌలో ఉండి రోజూ లండన్‌కు పనికి పోయేవాడు ముసాఫిర్ కాడు. దూరం చాలదు.

లండన్‌లో ఉండేవాడిని ఏజెన్సీ మూడు రోజులకు లెస్టర్ పంపింది. దాదాపు వంద మైళ్ళు. లండన్ దాటినప్పటి నుంచి తిరిగి లండన్‌లో అడుగు పెట్టేదాకా ముసాఫిర్.

బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్‌కు రోజూ వ్యాన్ నడిపే తమ్ముడు దారిలోనూ, మాంచెస్టర్‌లోనూ ముసాఫిర్. సాయంత్రం ఇంటికొచ్చాక కాదు.

వేరే ఊళ్ళో పనిలో పెట్టి, రేపు పంపిస్తాం ఎల్లుండి పంపిస్తాం అంటూ ఆపేశారు, ఎన్నాళ్ళుంటామో తెలియదు. పదిహేను రోజులుంటాననే నియ్యత్ లేదు కాబట్టి రోజులు గడిచినా ముసాఫిరే.

ఇక మొదటి తమ్ముడి సంగతి. రెండేళ్ళుగా ఒకే ఊళ్ళో అద్దె కట్టుకుని ఉన్నవాడు ముసాఫిర్ కాడు. వీసాకు గడువు ఉంది కదా, ఎప్పటికైనా పోవాల్సిందే కదా అన్నాడు. ఆ మాటకొస్తే ఈ లోకం నుంచే ఎప్పటికైనా పోవాల్సిందే. ఇక్కడ చూడాల్సింది వీసా గడువు కాదు, పదిహేను రోజుల నియ్యత్. పరాయి దేశం అన్న దిగులు మనసులో ఉంటుంది, అది నిజమే. కానీ దిగులు వేరు, సఫర్ వేరు.

మరి రెండేళ్ళ నమాజులు? సగమే చదివినవి లెక్కకు రావు, ఖజా చదువుకోవాలి. అది విని తమ్ముడు బిక్కచచ్చిపోయాడు. ఒక్క రోజులో కాదు నాయనా, రోజూ ప్రతి ఫర్జ్ వెంట ఒక ఖజా కలుపుకో, మెల్లగా తీరుతుంది అన్నారు ఇమామ్ సాబ్. అప్పు కిస్తీల్లో కట్టినట్టు. మన వాళ్ళకు కిస్తీలు కొత్తా!

*ముసాఫిర్ నమాజు*

ముసాఫిర్ అయినప్పుడు జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నాలుగు రకాతులు రెండవుతాయి. దీన్నే ఖస్ర్ అంటాం. ఫజర్ రెండు రెండే, మగ్రిబ్ మూడు మూడే. విత్ర్ వదలకూడదు. ఖుర్ఆన్ నాలుగో సూరా 101వ ఆయతులో దీని మాట ఉంది. రెండు చదివితే తక్కువైపోతుందేమో అని కొందరు పట్టుబట్టి నాలుగే చదువుతారు. హనఫీల్లో ముసాఫిర్‌కి రెండే చదవాలి. అల్లా ఇచ్చిన దానం అది, తిప్పి పంపకూడదు.

లోకల్ ఇమామ్ వెనక జమాత్‌లో నిలబడితే మాత్రం ఆయనతోపాటు నాలుగూ చదవాలి. ముసాఫిరే ముందు నిలబడితే ఆయన రెండుకు సలాం తిప్పేస్తారు, ఊరివాళ్ళు లేచి మిగతా రెండు పూర్తి చేసుకోవాలి. సఫర్‌లో తప్పిన నమాజు ఇంటికొచ్చాక చదివినా రెండే. ఇంట్లో తప్పినది సఫర్‌లో చదివినా నాలుగే.

రెండు పూటల నమాజు కలిపి చదవడం షాఫీల్లో సఫర్‌లో ఉంది. హనఫీల్లో హజ్‌లో తప్ప లేదు. కానీ ఒక వెసులుబాటు ఉంది. జుహర్‌ని దాని టైమ్ చివర్లో చదివి, కాసేపాగి అసర్ టైమ్ మొదలవగానే అసర్ చదివేయొచ్చు. రెండూ ఎవరి టైమ్‌లో అవి పడతాయి, వజూ ఒక్కసారితో సరిపోతుంది. లారీ, కోచ్ నడిపే వాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది.

కిబ్లా విషయంలో నా సంగతే చెప్పుకుంటా, నవ్వుకోండి. ఊళ్ళో పుట్టినప్పటి నుంచి పడమర తిరిగి చదివిన అలవాటు. ఇక్కడికొచ్చిన మొదటి వారమంతా సూర్యుడు దిగే వైపు చూసి దర్జాగా చదివేశా. పక్క గది బంగ్లాదేశీ చాచా ఒకరోజు చూసి, "బాబూ, అటుపక్క అట్లాంటిక్ సముద్రం ఉంది, కాబా లేదు" అన్నారు. మక్కా మన ఊరికి పడమర, ఈ దేశానికి ఆగ్నేయం. లండన్ నుంచైతే ఉత్తరం మొదలు దాదాపు 119 డిగ్రీలు. అడగాలని కూడా తోచలేదు కాబట్టి ఆ వారం నమాజులన్నీ మళ్ళీ చదువుకున్నా. వెతికి, అడిగి, అయినా పొరబడి ఉంటే మాఫీ ఉండేది. కొత్తగా వచ్చిన వాళ్ళకు గది తాళాలతోపాటు కిబ్లా కూడా చూపించండి.

చలికాలంలో వజూ ఇంకో కష్టం. పనిచోట సింకులో కాలు పెట్టి కడుగుతుంటే తోటివాళ్ళు విసుక్కోవడం, నేల తడిసి ఎవరో జారడం మనందరికీ అనుభవమే. దానికి మసహ్ ఉంది. చీలమండ కప్పే తోలు మేజోళ్ళు ఇంట్లో పూర్తి వజూ చేసి తొడుక్కోవాలి. తర్వాత వజూ పోయినప్పుడు, మిగతాదంతా మామూలుగా కడుక్కుని, కాళ్ళు కడగకుండా మేజోళ్ళ పైభాగాన తడిచేత్తో ఒకసారి తుడిస్తే చాలు. ఊళ్ళో ఉన్నవాడికి ఒక పగలు ఒక రాత్రి, ముసాఫిర్‌కి మూడు పగళ్ళు మూడు రాత్రులు. తొడిగాక మొదటిసారి వజూ పోయినప్పటి నుంచి లెక్క. మామూలు నూలు సాక్సు మీద హనఫీల్లో చెల్లదు. మసీదుల దగ్గర షాపుల్లో తోలువి దొరుకుతాయి, ఒక జత కొనుక్కుంటే ఏళ్ళు వస్తుంది.

దారిలో చోటు కావాలంటే హీత్రూ టెర్మినల్స్ అన్నిట్లో అన్ని మతాలవాళ్ళకూ ప్రార్థన గదులున్నాయి. కొన్ని మోటార్‌వే సర్వీసుల్లోనూ ఉంటాయి. లేనిచోట సిబ్బందిని అడిగి ఓ మూల చూసుకోండి. మెట్ల మీద, తలుపులకు అడ్డంగా నిలబడొద్దు.

*పనిలో ఉన్నప్పుడు*

మనలో ఎక్కువమంది ముసాఫిర్లం కాదు కాబట్టి అసలు చిక్కు ఇక్కడుంది. డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు లోపే సూర్యుడు దిగిపోతాడు. పది నుంచి ఆరు షిఫ్ట్ అంటే జుహర్, అసర్, మగ్రిబ్ మూడూ పనిలోనే. జూన్‌లో మగ్రిబ్ రాత్రి తొమ్మిది దాటాక, ఫజర్ మళ్ళీ మూడు గంటల ప్రాంతంలో. పైగా మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట మారుతుంది. ఆ రోజు పాత టైమ్‌టేబుల్ నమ్ముకుంటే నమాజు, షిఫ్ట్ రెండూ తప్పుతాయి.

నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ఒక వేర్‌హౌస్‌లో ఎవర్నీ అడక్కుండా ర్యాకుల మధ్య అట్టముక్క వేసుకుని చదివా. ఫోర్క్‌లిఫ్ట్ దారి అది. సజ్దాలో ఉండగా డ్రైవర్ ఆఖరి క్షణంలో చూసి ఆపాడు. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. కోపం వచ్చింది కానీ తప్పు నాదే. ప్రాణం పోయేది, ఆ డ్రైవర్ బతుకు కూడా పాడయ్యేది.

చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 1998 నాటి వర్కింగ్ టైమ్ నిబంధనల ప్రకారం ఆరు గంటలకు మించి పనిచేస్తే మధ్యలో కనీసం 20 నిమిషాల విరామం హక్కు. అందులో టీ తాగాలా, నమాజు చదవాలా అనేది మీ ఇష్టం. నమాజుకు విడిగా బ్రేక్ ఇచ్చి తీరాలని మాత్రం చట్టంలో లేదు. కానీ ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో 2010 ఈక్వాలిటీ చట్టం మత విశ్వాసానికి రక్షణ ఇస్తుంది. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే అది వివక్ష కిందకు రావచ్చు. 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగులు చేరిన మొదటి రోజు నుంచే పని వేళల మార్పు అడగొచ్చు.

కాబట్టి గొడవపడకుండా ముందే అడగండి, రాసి అడగండి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు, నా విరామంలోనే చదువుకుంటా, ఏ మూల చదివితే పనికి అడ్డం కాదో చూపించండి అని ఈమెయిల్ పెట్టండి. నేను రెండో చోట అలాగే పెట్టా. మూడో రోజుకి ఫస్ట్ ఎయిడ్ గది తాళం ఇచ్చారు. కుదరదంటే ఏకాస్ ఉచిత సలహా లైన్ ఉంది, 0300 123 1100. ఆలస్యం చేయొద్దు, ఫిర్యాదుకు గడువులు చిన్నవి.

ఒకే గదిలో ఉండే హిందూ, క్రైస్తవ అన్నదమ్ములకూ ఓ మాట. మీవాడు తెల్లవారుజామున లేస్తే లైటు వేయకుండా ఫోన్ వెలుగులో చదువుకోమని మేమే చెప్తాం. మీరు ఆ ఐదు నిమిషాలు అతని ముందు నుంచి దాటకుండా, వీడియో సౌండ్ తగ్గిస్తే చాలు. మీ కార్తీక దీపానికి, మీ ఆదివారం ప్రార్థనకూ మేం అలాగే ఉంటాం.

*రోజా*

సఫర్‌లో ఉన్నవాడు రోజా ఆపి తర్వాత పెట్టుకోవచ్చని ఖుర్ఆన్ రెండో సూరాలోనే ఉంది. అది నిజంగా ప్రయాణంలో ఉన్నవాడికి. సహర్ టైమ్ ముగియకముందే ఊరు దాటిపోయి ఉంటే ఆ రోజు వదలొచ్చు. రోజా మొదలయ్యాక మధ్యాహ్నం బయల్దేరితే ఆ రోజుది పూర్తి చేయాలి. ఓపిక ఉంటే సఫర్‌లోనూ పెట్టుకోవడం మంచిదే.

పని కష్టంగా ఉందని నెల మొత్తం ముందే వదిలేయడానికి మాత్రం లేదు. పెట్టుకుని మొదలుపెట్టండి. కళ్ళు తిరిగి ప్రాణం మీదికి వస్తే విప్పేసి తర్వాత ఒకటి ఖజా పెట్టుకోండి. షుగర్, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ముందే డాక్టర్‌ని అడగండి. రంజాన్ నెలలో రాత్రి షిఫ్టు కావాలని రెండు నెలల ముందే అడిగితే దొరికే అవకాశం ఎక్కువ.

*దారిలో చిక్కుకున్నవాడు*

ఇప్పుడు రెండో తమ్ముడి దగ్గరికి వద్దాం.

జకాత్ ఎవరెవరికి ఇవ్వాలో ఖుర్ఆన్ తొమ్మిదో సూరా 60వ ఆయతులో ఎనిమిది రకాల వాళ్ళను చెప్పింది. ఫకీర్లు, మిస్కీన్లు మొదటివాళ్ళు. అప్పుల్లో మునిగినవాళ్ళు కూడా ఉన్నారు. చివర ఉన్నవాడు ఇబ్నుస్సబీల్, అంటే దారి కొడుకు, బాటసారి. ఊళ్ళో ఎంత ఆస్తి ఉన్నా సరే, దారిలో చేతికి డబ్బు అందకుండా చిక్కుకుంటే అవసరమైనంత తీసుకునే హక్కు అతనికుంది. ఊళ్ళో మూడెకరాలుందని ఇక్కడ ఆకలి ఆగదు కదా. అదే చెప్పా తమ్ముడికి. ఫకీరువని ఇవ్వట్లేదు, దారి కొడుకువని ఇస్తున్నారు. నీ వాటా అది, అల్లా రాసిపెట్టిన వాటా.

ఎవరైనా అడగొచ్చు, మొదటి తమ్ముడితో ముసాఫిర్ కాదన్నావు, ఇతన్నెట్లా అన్నావని. నమాజుకు లెక్క మైళ్ళూ రోజులూ. జకాత్‌కు చూసేది చేతిలో ఉందా లేదా అన్నది. ఇంటికి దూరమై, తన సొమ్ము తనకు అందని స్థితిలో ఉన్నాడు. మా ఇమామ్ సాబ్ కూడా విచారించి, సరే అన్నాకే ఇచ్చారు.

ఇలా చిక్కుకోవడం మనతో మొదలవలేదు. వందల ఏళ్ళ నాడే మన దేశపు లస్కర్లు ఓడల్లో పనిచేస్తూ లండన్ రేవుకు వచ్చేవాళ్ళు. తిరుగు ఓడ దొరక్క చలికి వీధుల్లో పడి చనిపోయినవాళ్ళు ఉన్నారు. అలాంటి వాళ్ళ కోసమే 1857లో లైమ్‌హౌస్‌లో ఆసియా, ఆఫ్రికా నావికులకు స్ట్రేంజర్స్ హోమ్ అనే వసతి తెరిచారు. వోకింగ్‌లో 1889లో కట్టిన షాజహాన్ మసీదు ఉంది. ఈ దేశంలో మసీదుగానే కట్టిన మొదటి కట్టడం అదే. భోపాల్ బేగం షాజహాన్ సొమ్ము ఇచ్చారు. దాని పక్కనే ఉన్న ఇంటి పేరు సర్ సాలార్ జంగ్ మెమోరియల్ హౌస్. 1876లో ఇంగ్లండ్ వచ్చి వెళ్ళిన మన హైదరాబాద్ దివాన్ పేరే అది. లండన్‌లో నిజామియా మసీదుకని 1937లో శంకుస్థాపన చేసింది కూడా నిజాం పెద్దకొడుకు ఆజం జా. వాళ్ళు నవాబులు, మనం కూలీలం, నిజమే. అయినా ముందు వచ్చినవాళ్ళు వెనక వచ్చేవాళ్ళ కోసం ఏదో ఒకటి ఉంచి వెళ్ళారు. ఆ దారి మనదీ.

చిక్కుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి.

1. స్పాన్సర్ లైసెన్స్ పోతే హోమ్ ఆఫీస్ నుంచి ఉత్తరమో ఈమెయిలో వస్తుంది. అప్పటి నుంచి మామూలుగా 60 రోజుల గడువు ఇస్తారు. సిగ్గుపడి గదిలో కూర్చుంటే ఆ రోజులే కరిగిపోతాయి. మొదటి రోజే గ్రూపులో చెప్పండి.

2. వీసా మీద పబ్లిక్ ఫండ్స్ లేవని రాసి ఉంటుంది. అది ప్రభుత్వ భత్యాలకు సంబంధించిన మాట. మసీదు జకాత్, చర్చి ఫుడ్ బ్యాంకు, గురుద్వారా లంగర్ దాని కిందకు రావు. తీసుకుంటే వీసాకు ఇబ్బంది లేదు.

3. జకాత్ కోసం ముందు మీ మసీదు కమిటీని అడగండి. ఈ దేశంలోనే జకాత్ పంచే నేషనల్ జకాత్ ఫౌండేషన్ కూడా ఉంది. ముస్లిం కానివాళ్ళు జకాత్ కాకపోయినా సదకా సొమ్ము అడగొచ్చు, మొహమాటం వద్దు.

4. వీసా సలహా అనుమతి ఉన్నవాళ్ళ దగ్గరే తీసుకోండి. అనుమతి లేకుండా సలహా ఇవ్వడం ఇక్కడ నేరం. రెస్టారెంట్లో కలిసిన తెలిసినాయన చెప్పాడని డబ్బు కట్టొద్దు.

*తిరిగి వెళ్ళేటప్పుడు*

పని అయిపోయాక ఆలస్యం చేయకుండా ఇంటివాళ్ళ దగ్గరికి పొమ్మన్నారు ప్రవక్త. ప్రయాణంలో నిద్ర, తిండి అన్నీ చెడతాయి కాబట్టి. ఆయన ఊరు చేరగానే ముందు మసీదుకు పోయి రెండు రకాతులు చదివేవారు. చెప్పాపెట్టకుండా అర్ధరాత్రి ఇంటి తలుపు కొట్టొద్దన్నారు. సర్‌ప్రైజ్ వీడియో తీయాలని చెప్పకుండా పోయేవాళ్ళు ఇది వినండి. ముసలి తల్లికి గుండె ఆగినంత పనవుతుంది.

ఇంకొక్క మసాయిల్ చెప్పి ముగిస్తా. ఊరికి పది రోజుల సెలవు మీద పోతాం. పదిహేను రోజులు లేవు కదా, అక్కడ ఖస్ర్ చదవాలా? వద్దు. పుట్టి పెరిగి, మనవాళ్ళున్న, వదిలేసుకోని ఊరు వతన్ అస్లీ, అంటే అసలు ఊరు. ఇరవై ఏళ్ళు బయట ఉన్నా సరే, ఒక్క రోజుకు పోయినా సరే, ఊరి పొలిమేరలో అడుగు పెట్టగానే నాలుగు రకాతులు. ఆ ఊళ్ళో మనం ఎప్పటికీ ముసాఫిర్లం కాము. నాకు ఇమామ్ సాబ్ ఈ మాట చెప్పిన రోజు గది కొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

ఇక జేజి కట్టిన రూపాయి సంగతి. గుర్తుగా ఉంటుందని మూడేళ్ళు సొరుగులో దాచుకున్నా. చేరిన చోట ఇచ్చేయాలన్న రెండో సగం నేనే మర్చిపోయా. రెండో తమ్ముడితో మాట్లాడి వచ్చిన రాత్రి గుర్తొచ్చింది. ఆ బిళ్ళ ఇక్కడ చెల్లదు కాబట్టి, దాని పేరు మీద ఆ నెల ఓవర్‌టైమ్ డబ్బులు అతని అద్దె బాకీలో కలిపా. మొదటి తమ్ముడు కూడా అడక్కుండానే ఇరవై పౌండ్లు తెచ్చిచ్చాడు. రెండో తమ్ముడికి ఇంకా స్పాన్సర్ దొరకలేదు, వెతుకుతున్నాడు. రెండు పూటలా తింటున్నాడు. మీ పనిచోట కేర్ ఉద్యోగానికి స్పాన్సర్ చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే గ్రూపు అడ్మిన్‌కి చెప్పండి.

మీ ఇళ్ళల్లో అమ్మలు, జేజిలు కట్టిన బిళ్ళలు ఎక్కడో ఉండే ఉంటాయి. ఒకసారి సొరుగు వెతకండి.

ముసాఫిర్ దువా కబూల్ అయ్యే దువాల్లో ఒకటి అంటారు. ఈ వారం దూరం పోతున్నవాళ్ళు మాకందరికీ దువా చేయండి. అల్లా మనందర్నీ క్షేమంగా మన మన ఊళ్ళకు చేర్చాలి. ఆమీన్.